గ్రంథపాలకుని వాక్కు, లేఖిని

పుస్తకము వ్రాయువాడు మాటలాడును. పుస్తకము చదువువాడును, మెచ్చియో నొచ్చియో, మాటలాడును. వారిరువురి నడుమ నిలిచి ఒకరి పుస్తకమును మఱియొకరి చేతికందించు గ్రంథపాలకుడు మాత్రము మాటలాడరాదని మన సంఘము నియమమేదో చేసికొన్నట్లు కనబడుచున్నది. పఠనమందిరములో గోడకు వ్రేలాడు 'నిశ్శబ్దము' అను పలక చదువరుల కొఱకు కట్టినది. దానిని మనము గ్రంథపాలకునకే మొదట అన్వయించినాము. సభ జరిగిన నాడు అతడు కుర్చీలు వేయించును, దీపమునకు నూనె పోయించును, అతిథులకు మంచినీరు తెప్పించును. వేదికపై అతనికి చోటుండదు. పుస్తకములను గుఱించి పత్రికలలో ఎవరెవరో వ్రాయుదురు. పుస్తకములతోడనే ప్రొద్దు పుచ్చువాని పేరు అందు కానరాదు. ఈ మౌనము వినయమా, విధియా, లోపమా యని విచారించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము. ఇది లోపమే యని మా అభిప్రాయము. ఆ లోపములో సంఘము పాలు కొంత, గ్రంథపాలకుల పాలు కొంత కలదు. రెంటిని చెప్పుట న్యాయము.

ముందుగా చరిత్రను చూతము. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు రెసిడెన్సీ బజారులో, రావిచెట్టు రంగారావుగారి యింట, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. నిజాము రాజ్యములో తెలుగునకు రాజాదరము లేని దినములవి. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము తలయెత్తినది. ఈ నిలయములను నడిపినవారు తాళపుచెవులు మాత్రము భద్రపఱచినవారు కారు. అఱలలో నింపుటకు తగిన శాస్త్రగ్రంథములు తెలుగున లేవని గ్రహించి, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించి, తామే వ్రాసి, ఇతరులచే వ్రాయించి, అచ్చు వేయించినారు. వారిలో ముఖ్యుడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు. చదువరి యేమి అడుగుచున్నాడో, అడిగినది ఏ భాషలో దొరకుటలేదో గ్రంథాలయమున కూర్చున్నవానికి తెలిసినట్లు వేఱొకనికి తెలియదు. ఆ తెలివియే వారి కలములను కదలించినది. తెలుగుదేశములో గ్రంథాలయమును గ్రంథరచనయు కవలపిల్లలుగా పుట్టినవనిన అతిశయోక్తి కాదు.

కృష్ణాతీరమునను ఇట్లే జరిగినది. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతను గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. అనతికాలములోనే అయ్యంకి వేంకటరమణయ్యగారు 'గ్రంథాలయ సర్వస్వము' అను పత్రికను ప్రారంభించిరి. 1919లో మదరాసున అఖిల భారత గ్రంథాలయ మహాసభ సమకూడుటకును ఆయనయే ముఖ్య కారకుడు. సభయు పత్రికయు జంటగా పుట్టుట మనకే ప్రత్యేకము కాదు. అమెరికాలో గ్రంథాలయ సంఘము పుట్టినదియు, 'లైబ్రరీ జర్నల్' పత్రిక పుట్టినదియు 1876వ సంవత్సరముననే. బరోడా సంస్థానములో 1912లో వెలువడిన గ్రంథాలయ పత్రిక ఇంగ్లీషుతోపాటు గుజరాతీ, మరాఠీ భాషలకు చోటిచ్చినది. ఈ వృత్తి ఎచ్చట వృత్తిగా తల యెత్తినను, వాక్కును లేఖినిని వెంటబెట్టుకొనియే వచ్చినది. మౌనము తరువాత వచ్చి చేరిన రోగము.

ఈ సందర్భములో ఒక గ్రంథమును కొంచెము నిదానించి చూడవలసి యున్నది. షియాళి రామామృత రంగనాథన్‌గారు మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితోపాధ్యాయులు. 1924లో విశ్వవిద్యాలయ గ్రంథపాలకులుగా నియుక్తులై, తొలినాళ్లలో ఆ యేకాంతము భరింపలేక, మరల పాఠము చెప్పుకొనుటకే పోనిండని అడిగినవారు. ఇంగ్లాండు పోయి, అచ్చటి గ్రంథాలయములు జనముతో మాటలాడుటను కన్నులార చూచి వచ్చిన పిమ్మట వారి మనస్సు మాఱినది. తరువాత ప్రసిద్ధికెక్కిన వారి పంచసూత్రములు మొదట గ్రంథములో పుట్టలేదు. 1928 డిసెంబరులో చిదంబరమున విద్యావిషయక సభలో ఉపన్యాసముగా పుట్టినవి. 1931లో మదరాసు గ్రంథాలయ సంఘమువారి పక్షమున పుస్తకమైనవి. సభలో పలికిన మాటయే శాస్త్రమునకు విత్తనమైనది.

ఆ గ్రంథమును సాహిత్యదృష్టితో చదివినవారు అరుదు. అందలి సూత్రములు కేవల నియమములు కావు, పాత్రలు. అవి తలుపు తట్టును, అధికారులతో వాదించును, ధనాధ్యక్షుని నిలదీయును, ఒకదాని తరువాత ఒకటి రంగస్థలము మీదికి వచ్చును. మన ప్రబోధచంద్రోదయ నాటకములో వివేకము, మోహము మొదలగు భావములు మనుష్యరూపమున సంచరించిన రీతి ఎఱిగినవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు. పుస్తకమునకు ఫలము దాచుటలో గాక వాడుటలో ఉన్నదను భావము సూత్రముగా చెప్పిన పొడిగా నుండును. దానికి నోరిచ్చి వాదింపజేసిన చదువరి మఱవడు. దోషములును లేకపోలేదు. ఒక్కొక్కచో సంభాషణ మితిమీఱి సాగును; దృష్టాంతములు ఒకదానిమీద ఒకటి పడి దారి కప్పివేయును; వర్గీకరణమును గుఱించి తరువాత వారు వ్రాసిన గ్రంథములలో పరిభాష చిక్కబడి సామాన్య చదువరి లోనికి పోజాలడు. ఐనను ఒక్క గుణము ఈ దోషములన్నిటిని కప్పుచున్నది: ఆ మాటలు ఎవరితో చెప్పుచున్నారో రచయితకు క్షణమైనను మఱపు లేదు.

తెలుగునను ఇట్టివారు లేకపోలేదు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారములో తాళపత్రముల నడుమ పని చేయుచు చాటుపద్యములను ఏర్చి కూర్చి లోకమున కందించినారు. ఆ యుద్యోగము లేకున్న ఆ సంకలనము లేదు. వెలగా వెంకటప్పయ్యగారు (1932-2014) గ్రంథపాలకులుగా పని చేయుచునే గ్రంథాలయశాస్త్రమును, బాలసాహిత్యమును గుఱించి తెలుగున విరివిగా వ్రాసినారు. వట్టికోట ఆళ్వారుస్వామిగారు ఏ గ్రంథాలయమునను జీతగాడు కాకపోయినను, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి పుస్తకములను ఊరూర మోసికొనిపోయి, ఆ జనమును చూచిన కన్నులతోనే 'ప్రజల మనిషి' నవల వ్రాసినారు. పుస్తకములు మోసిన భుజమునకు వ్రాయు చేయి దూరము కాదని వీరి వలన తెలియుచున్నది.

ఇక నేటి స్థితికి వత్తము. మేము నివసించు తూర్పు హైదరాబాదును దృష్టాంతముగా తీసికొందము. దిల్‌సుఖ్‌నగర్ మొదలు చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి.నగర్ వరకు గల దారి పొడవున పోటీపరీక్షల శిక్షణాలయములును, వసతిగృహములును, జిరాక్సు దుకాణములును క్రిక్కిఱిసి యున్నవి. 2018 సెప్టెంబరు 24వ తేదీన మెట్రోరైలు ఎల్.బి.నగర్ వరకు వచ్చిన పిమ్మట జిల్లాల నుండి వచ్చు యువజనమునకు ఈ ప్రాంతము మఱింత దగ్గఱయైనది. పఠనమందిరము తలుపు తెఱచులోపలనే బయట సంచులు వరుసకట్టును. చూచినవారు, గ్రంథాలయము కళకళలాడుచున్నదని సంతసింతురు. కాని వచ్చినవారిలో పెక్కండ్రు తమ పుస్తకములు తామే తెచ్చుకొని, అచ్చటి బల్లను, పంకాను, దీపమును మాత్రము వాడుకొని పోవుచున్నారు. బీరువాలోని పుస్తకమునకును బల్లముందఱి యువకునకును నడుమ నాలుగడుగుల దూరమే యున్నది. ఆ నాలుగడుగులు దాటించువాడు గ్రంథపాలకుడు. అతడు నోరు విప్పనిచో ఆ దూరము నాలుగు కోసులు.

ఈ ప్రాంతపు గ్రంథాలయమొకదానిలో నవంబరు 14 నుండి జరుగు గ్రంథాలయ వారోత్సవములలో ఒక సభకు మేము పోయితిమి. గంటన్నర సేపు ఉపన్యాసములు జరిగినవి. పుస్తకము హస్తభూషణమని ఒకరు, సెల్‌ఫోను పిల్లలను పాడుచేయుచున్నదని మఱియొకరు సెలవిచ్చిరి. గ్రంథపాలకునకు వందనసమర్పణమని రెండు నిమిషములు మిగిల్చిరి. ఆయన ఆ రెండు నిమిషములలోనే ఒక సంగతి చెప్పెను. సురవరము ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు 1955లో సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినదని గైడుపుస్తకములో ఒక్క వాక్యము బట్టీపట్టిన విద్యార్థి యొకడు, 'ఆ పుస్తకములో ఏమున్నదండీ?' అని అడిగెనట. ఈయన తీసి యిచ్చెనట. ఆ పిల్లవాడు మూడు దినములు గైడు ముట్టక దానినే చదివి, మన తాతముత్తాతలు ఏమి తినిరో, ఏమి కట్టిరో, ఏ యాటలాడిరో మిత్రులకు చెప్పుచు కూర్చుండెనట. ఆ నాటి సభలో గ్రంథాలయమును గుఱించి చెప్పిన మాట అది యొక్కటియే. అంతలో జనగణమన మొదలైనది. మఱునాటి పత్రికలలో ముఖ్య అతిథుల పేర్లు వచ్చినవి. ఆ విద్యార్థి కథ రాలేదు.

మన శాస్త్రకారులు గ్రంథారంభమున అనుబంధచతుష్టయమును చెప్పుదురు: విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి. ఇందు 'అధికారి' యనగా పదవిలో నున్నవాడు కాడు. ఆ గ్రంథము ఎవని కొఱకు ఉద్దేశింపబడినదో, దానిని అందుకొనుటకు ఎవడు అర్హుడో వాడు. మన సభలు ఈ పదమును తలక్రిందులు చేసినవి. వేదికపైని అధికారులకు మాటలు దక్కినవి. ఎవరి కొఱకు సభ జరిగినదో ఆ అధికారులు, అనగా చదువరులు, క్రింద కూర్చుండి ఆవులించుచున్నారు. వారికి చెప్పదగిన మాట ఎఱిగినవాడు తలుపు దగ్గఱ నిలుచున్నాడు.

ఈ నాలుగింటిని గ్రంథపాలకుల రచనలకును అన్వయించి చూతము. ఇచ్చట తప్పు వారి వైపునను ఉన్నది. కళాశాలలలోను విశ్వవిద్యాలయములలోను పని చేయువారు సదస్సులకు పోవుచున్నారు, పత్రములు చదువుచున్నారు, అచ్చు వేయించుచున్నారు. 1933లో కలకత్తాలో ఏర్పడిన భారత గ్రంథాలయ సంఘము మొదలు అనేక సంఘములు అందుకు తావిచ్చుచున్నవి. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2010లోను 2018లోను చేసిన నియమములలో కళాశాల గ్రంథపాలకుల పదోన్నతిని గూడ చేర్చినది. పరిశోధనపత్రములకు మార్కులు కట్టు పద్ధతి వచ్చినప్పటి నుండి పత్రముల సంఖ్య పెరిగినది. పత్రికల మంచిచెడ్డలు ఏర్చుటకు ఆ సంఘమే 2019లో పట్టిక యొకటి ప్రకటించి, 2025లో దానిని తానే వదలుకొన్నది. ఇట్లు పుట్టిన పత్రములలో విషయము కలదు. ప్రయోజనము రచయిత పదోన్నతి. చదువరితో సంబంధము శూన్యము. అధికారి యెవడో రచయితకే తెలియదు. ప్రశ్నపత్రములు పంచుట, నూటికింతమంది తృప్తిపడిరని లెక్క కట్టుట, వసతులు పెంచవలెనని తుదిని సూచించుట - ఇదియే వాని మూస. అందును తెలుగున వ్రాసినది వేళ్లమీద లెక్కింపవచ్చును. ఎవరి చదువును గుఱించి వ్రాసినారో వారు చదువలేని భాషలో వ్రాయుట ఎట్టి విద్యాసేవ?

అందఱును ఇట్లే యని మేమనము. లెక్కలకు విలువ లేదనియు అనము. లెక్కల వెనుక మనిషి కనబడవలెననియే మా కోరిక. వారోత్సవ సభలో రెండు నిమిషములలో వినిన కథ నాలుగు పుటలలో వ్రాసియుండిన, ఆ మండలములోని ఉపాధ్యాయులెల్లరు దానిని చదివి తమ తరగతులలో చెప్పియుందురు.

దీనికి చెప్పు ఆక్షేపణలు మూడు కలవు. మొదటిది: తీరిక లేదు. ఒక్కడే పుస్తకములు ఇచ్చి పుచ్చుకొనుచు, లెక్కలు వ్రాయుచు, తలుపు మూయుచు ఉండగా రచనకు వేళ ఎక్కడిది? ఇది సత్యము. ఖాళీలు పూరింపుడని అడుగవలసినదే, ఆ మాట గట్టిగా అడుగవలసినదే. కాని అడుగుటకైనను నోరు కావలయును గదా! తన గ్రంథాలయములో ఏమి జరుగుచున్నదో లోకమునకు తెలుపని వాని కష్టమును లోకము గుర్తింపదు. తీరిక లేకపోవుట మౌనమునకు కారణమైనట్లే, మౌనము తీరిక లేకపోవుటకు కారణమగుచున్నది.

రెండవది: ఉద్యోగనియమములు ఒప్పవు. ఈ భయము నియమములను చదువకపోవుట వలన పుట్టినది. కేంద్రప్రభుత్వోద్యోగుల 1964 నాటి ప్రవర్తన నియమావళిలోనే సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైన అప్పుడప్పటి కృషికి, ఉద్యోగధర్మమునకు భంగము రానంతవఱకు, మినహాయింపు కలదు. ఇతర సంస్థలలో ఎవరి నియమములు వారు చూచుకొనవలయును. అనుమతి కావలసినచోట ముందుగా అడుగవలయును. ప్రభుత్వమును దూషించుట వేఱు, పిల్లలకు ఏ కథ నచ్చినదో వ్రాయుట వేఱు. రెండవదానిని ఏ నియమమును నిషేధింపదు.

మూడవది: మాకు చేతకాదు. ఈ మాట మాత్రము మేము ఒప్పము. దినమునకు పదిమందికి ఇది చదువుడని ఒప్పించువాడు ఉపన్యాసకుడు కాక మఱేమి? వేదిక ఎత్తుగా ఉండుటయే భేదము. రంగనాథన్‌గారు 1929లో మదరాసున శిక్షణాలయము నెలకొల్పినప్పుడు మొదట పాఠములే చెప్పినారు. పాఠము ఉపన్యాసమై, ఉపన్యాసము వ్యాసమై, వ్యాసము గ్రంథమగును. మెట్లు ఇవియే.

మఱి అవకాశములేవి? ఎచ్చటనుండియో ఆహ్వానపత్రము వచ్చునని కూర్చున్నవానికి అవి కనబడవు. తన గ్రంథాలయపు గోడపలకయే మొదటి పత్రిక. వారమునకొక పుస్తకమును గుఱించి పది పంక్తులు తెలుగున వ్రాసి అందు అంటించిన, సంవత్సరమునకు ఏబదిరెండు సమీక్షలగును. ఏరి కూర్చిన చిన్న పుస్తకమగును. చదువరులు అడిగి దొరకక వెనుదిరిగిన పుస్తకముల పట్టిక వ్రాసి యుంచిన, అది ప్రకాశకులకు దారి చూపు వ్యాసమగును. వార్షికనివేదికలో అంకెల ప్రక్కను ఒక్కొక్క చదువరి సంగతి, పేరు చెప్పకయే, చేర్చిన, ఆ నివేదిక చదువదగినదగును. సరూర్‌నగర్, గడ్డిఅన్నారము, వనస్థలిపురము మొదలగు పేటల చరిత్రను గుఱించి వృద్ధులు చెప్పు మాటలను వ్రాసి భద్రపఱచుటకు గ్రంథపాలకుని కంటె తగినవాడెవడు? ఊరు పేటయై, పేట నగరమైన కథ ఆ వృద్ధులతోడనే పోవుచున్నది.

మాటలాడుటకు చోట్లు అంతకంటె ఎక్కువ. బడులలో శనివారపు కథాకాలము, కాలనీ సంక్షేమసంఘముల సమావేశములు, మహిళాసంఘములు, ఆకాశవాణి, ఏటేట హైదరాబాదులో జరుగు పుస్తకప్రదర్శనము - వీనిలో ఏదియు గ్రంథపాలకుడు అడిగినచో తలుపు మూయునది కాదు. శిక్షణాలయములలో పరీక్షకు ఉపయోగించు మూలగ్రంథములను గుఱించి అరగంట మాటలాడిన, వినువారు వందలు. స్త్రీలు ఈ వృత్తిలో పెక్కండ్రు కలరు. గృహిణులతో, బాలికలతో పుస్తకముల మాట చెప్పుటకు వారికి గల చనవు పురుషునకు లేదు. వారిని సభకు పిలిచి పూలగుత్తి యందించుటకు మాత్రము నిలబెట్టు ఆచారము ఇకనైన మానవలయును.

ఒక్క హెచ్చరిక. పిలిచినవారు దారిఖర్చు, తగిన పారితోషికము ఇచ్చుట ధర్మము. వైద్యుని పిలిచి ఊరక పంపము, సంగీతపాటకుని పిలిచి ఊరక పంపము. గ్రంథపాలకుని మాటకు మాత్రము శాలువాయే చాలునని తలచుచున్నాము. మరల, పారితోషికము కొఱకే మాటలాడుటయు, అచ్చు వేయుటకు సొమ్ము పుచ్చుకొను పత్రికలలో తామే ధనమిచ్చి వ్రాయుటయు వృత్తికి మచ్చ. మాటకు వెల కట్టుట తప్పు కాదు; వెలకు తగినట్లు మాట మార్చుట తప్పు.

చివరకు గృహస్థులతో ఒక మాట. మీరు ఏటేట కట్టు ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయపు పన్ను చేరియున్నది. రసీదును తీసి చూడుడు. ఆ పైకముతో నడచు గ్రంథాలయములో ఏమున్నదో, ఏమి లేదో తెలిసికొను హక్కు మీది. తెలుపవలసిన విధి గ్రంథపాలకునిది. మీ కాలనీలో రాబోవు సభకు ముఖ్య అతిథి యెవరని ఆలోచించునపుడు, దగ్గఱలోని గ్రంథాలయమునకు పోయి అచ్చటి గ్రంథపాలకుని పిలువుడు. నలువది నిమిషములు ఇండు. వందనసమర్పణ మఱియొకరు చేయుదురు గాక.

గ్రంథపాలకులును తమ కలములను రాబడి పోబడి పుస్తకమునకే పరిమితము చేయక, వారమునకు పది పంక్తులతో ప్రారంభింతురు గాక. విజ్ఞానచంద్రికామండలిని నిలిపినవారికి మన కంటె తీరిక ఎక్కువ లేదు. చదువరి యేమి కోరుచున్నాడో వారు ఎఱిగియుండిరి, ఎఱిగినది దాచుకొనలేదు.